మెరుపు ఎక్కిన కాటా

చదువు పూర్తయి మొదటి ఉద్యోగం దొరికిన రోజుల్లో మనిషికి తన కుర్చీ మీద ఉండే గౌరవం ఆ తర్వాత ఏ కుర్చీ మీదా ఉండదనుకుంటాను. నా కుర్చీ సాలూరు బయట, లారీలు తూచే కాటా పక్కన, ఒక రేకుల గదిలో ఉండేది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసిన పిల్లనని ఓనరు నన్ను పెట్టుకున్నాడు. లారీ వచ్చి ఇనప పలక మీద నిలబడితే నా ముందున్న డబ్బాలో ఎర్రటి అంకెలు వెలిగేవి. నేను మీట నొక్కితే చీటీ వచ్చేది. పని అంతే. (మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ నన్ను ఇంజనీరనే చెప్పేది. నేనూ దిద్దలేదు.) డ్రైవర్లు నన్ను కాటా పాప అనేవారు. బరువు దగ్గర ఎవరైనా గొణిగితే, మిషనుకి అబద్ధం చెప్పడం రాదని, వాళ్ల వయసులో సగం కూడా లేని నేను గంభీరంగా చెప్పేదాన్ని.

ఒక వేసవి మధ్యాహ్నం పాటల బాబాయి లారీ వచ్చింది. ఆయన మాకు చుట్టం కాదు. బండి నడుపుతూ గొంతెత్తి పాడతాడు గనక పాటలు, పెద్దవాడు గనక బాబాయి. గజపతినగరంలో మొక్కజొన్న గింజలు బస్తాలకెత్తకుండా లారీ నిండా పోయించుకుని, పైన టార్పాలిన్ బిగించి తెచ్చాడు. సరుకు కొన్న సావుకారు ముందే వచ్చి నా గదిలో కూర్చున్నాడు. కొండల మీద మబ్బు పట్టి మెరుస్తోంది గానీ మా దగ్గర ఇంకా చినుకు లేదు. మీట నొక్కాను. గజపతినగరంలో తూచినదానికంటే అర టన్ను తక్కువ వచ్చింది.

సావుకారు కేకలు వేయలేదు. దారిలో ఎక్కడ ఆగావని అడిగాడు. టీ తాగడానికి తప్ప ఎక్కడా ఆగలేదన్నాడు బాబాయి. ఆ టీ ఖరీదు అర టన్ను మొక్కజొన్నా అని, ఇక తన సరుకు ఎత్తొద్దని సావుకారు నెమ్మదిగానే చెప్పాడు. బాబాయి ఆయన్ని చూడలేదు, నన్ను చూశాడు.

"పాపా, నీ మిషను సెప్పినాది నిజవేనా?"

నిజమేనన్నాను. ఆయన లారీని పలక మీంచి దించి పక్కన పెట్టి, బయట చూరు కింద బల్ల మీద కూర్చున్నాడు. అంతలో వాన మొదలైంది.

అప్పుడు చూశాను. ఖాళీ పలకకి సున్నా ఉండాలి. కొండల మీద మెరిసింది, డబ్బాలో గేదెల మంద ఎక్కినంత బరువు కనబడి మాయమైంది. మళ్లీ మెరిసింది, ఈసారి అంకె సున్నా కిందికి దిగింది. (అంటే పలక మీద ఏమీ లేకపోవడం కన్నా తక్కువ ఉందన్నమాట. డిప్లొమాలో ఇది చెప్పలేదు.) నోరు విప్పితే నా ఉద్యోగం పోవచ్చు. విప్పకపోతే బాబాయి పేరు పోతుంది. సావుకారుని కిటికీ దగ్గరికి పిలిచాను.

"సావుకారు గారూ, ఇలాగొచ్చి కాటా మీద ఎవులున్నారో సూడండి."

ఆయన కిటికీలోంచి చూశాడు. వాన తప్ప ఎవరూ లేరు. డబ్బా వైపు చూశాడు, మెరిసింది, అంకెలు ఎగిరాయి. లోపలికొచ్చి ఆయన భుజం మీదుగా తొంగిచూసిన బాబాయి, "మెరుపుకి ఇంత బరువుంటాదేటి?" అని నిజంగానే అడిగాడు.

పలక కింద నుంచి నా గదికి వచ్చే తీగ మెరుపుల్ని రేడియో ఏరియల్లాగ పట్టేస్తోందని, దాన్ని కాపాడాల్సిన ఎర్తు వైరు తుప్పుపట్టి తెగిందని తర్వాత వచ్చిన మెకానిక్కు చెప్పాడు. ఆ పూటకి నాకు తెలిసిందల్లా ఒకటే, మెరుపులు ఆగేదాకా ఎవరి బరువూ చెప్పకూడదని. ఆగుదామన్నాను. ముగ్గురం ఆ రేకుల గదిలోనే కూర్చున్నాం. మెరిసినప్పుడల్లా సావుకారు అంకెల వైపు క్రికెట్ స్కోరు చూసినట్టు చూసేవాడు.

ఆకాశం సద్దుమణిగి సున్నా కదలకుండా నిలిచాక లారీ మళ్లీ ఎక్కింది. గజపతినగరం బరువే వచ్చింది. తడిసిన టార్పాలిన్ పుణ్యమా అని కాస్త ఎక్కువే. ఆ ఎక్కువ ఎక్కడిదని సావుకారు అడగలేదు. రేపు ఇంకో లోడున్నాది, వస్తావా అన్నాడు, అదే ఆయన క్షమాపణ. సూద్దాంలెండని బాబాయి బండెక్కి, నా కిటికీ దగ్గర ఆపాడు.

"నీ మిషను పిరికిది పాపా. ఉరుములప్పుడు దాన్నేటీ అడక్కు."

ఇప్పుడు విజయనగరంలో ఆసుపత్రి పరికరాలు బాగుచేస్తున్నాను. మబ్బు పడితే, తెర మీద అంకె కనబడ్డా కాసేపు ఆగి మళ్లీ చూస్తాను. కొత్తగా చేరిన పిల్లలు అక్కది నత్తనడకని నవ్వుకుంటారు, నవ్వుకోనిస్తాను. వాళ్ల వయసులో అడిగిందే తడవుగా జవాబు చెప్పేసిన ఆ కాటా పాపని తలచుకుంటే ముచ్చటేస్తుంది, కాస్త భయమూ వేస్తుంది.