గ్రహణం చూసిన ఎక్స్‌రే

"నీ తలకాయలో ఏముండాదయ్యా?" అని మా ఆయన్ని రోజుకోసారి తిట్టేదాన్ని. ఇరవై ఏళ్ల కాపురం తర్వాత, కర్నూలులో ఒక స్కానింగు సెంటరులో దాన్ని నిజంగానే చూశాను.

ఆయన మంగంపేట ముగ్గురాయి గనుల్లో టిప్పర్ నడుపుతాడు. ఆ వేసవిలో ఒక రోజు మూతి వంకర పోయింది. పక్షవాతమనుకుని పసరు వేయించాం. మూతి సర్దుకుంది గానీ ఎడమకన్ను మసకబారింది. "పొగ కమ్మినట్ల ఉండాది మే," అన్నాడు. కన్ను పోతే స్టీరింగు పోయినట్టే. స్టీరింగు లేకుండా ఇంట్లో కూర్చున్న ఆ మనిషిని తలుచుకుని, ఆ పూటే కడపకు బయల్దేరదీశాను.

కడపలో చూసిన డాక్టరు కర్నూలుకు పంపాడు. అక్కడ మొలతాడుకున్న తాయెత్తు తీయించి, చేతి నరంలోకి మందెక్కించి, ఆయన్ని గుండ్రటి యంత్రంలోకి తోశారు. బయటికి రోకలిపోట్ల లాంటి చప్పుడు. తాయెత్తు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను.

తర్వాత డాక్టరమ్మ మా ఇద్దరికీ తెర మీద బొమ్మలు చూపించింది. మెదడు అడుగున పొర వెంబడి, ఎడమకంటి నరం చుట్టూ, తెల్లగా మెరుస్తోంది. వాపున్న చోట మందు పట్టి అలా వెలుగుతుందట. భయపడాల్సిందే, కానీ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఆ మొండితనం, ఆ అరుపులు, మా పెళ్లిరోజు మరిచిపోవడం, అన్నీ ఇంత చిన్న చోటులోనేనా! దండం పెట్టాలనిపించింది.

"టీబీ అయినా ఇట్లే కనపడొచ్చమ్మా. న్యూరోసార్కాయిడోసిస్ అనే జబ్బయినా ఇట్లే ఉంటుంది. అందులో ఒంటిని కాపాడే కణాలే గడ్డలు కట్టి నరాల మీద పడతాయి. రెండింటికీ మందులు వేరు. తప్పు మందిస్తే కన్ను దక్కదు. రెండూ ఎక్కువగా ఎదలోనే మొదలవుతాయి. పాత ఛాతీ ఎక్స్‌రే ఏమన్నా ఉండాదా?" అని అడిగింది.

"లేదు మేడమ్," అన్నాడు ఆయన.

నాకు ఒళ్లు మండింది. "ఎందుకు లేదు? గ్రహణం ఎక్స్‌రే ఉండాది గదా!"

ఎన్నో ఏళ్ల కిందట దగ్గు పట్టుకుంటే తీయించిన ఫిల్ము అది. ఎదలో మరక ఉందంటే గనిలో పని పోతుందని, ఏ డాక్టరుకూ చూపించకుండా ట్రంకుపెట్టె వెనక దాచాడు. ఒక సూర్యగ్రహణం రోజు అది నా చేతికి చిక్కింది. ఇంకేముంది, మా వీధివీధంతా వరసకట్టి మా ఆయన ఎదలోంచి సూర్యుణ్ణి చూసింది. తర్వాతి గ్రహణానికీ అంతే.

మరునాడు దాన్ని తెచ్చి ఇచ్చాను. ఫిల్ము నిండా పిల్లల వేలిముద్రలు. డాక్టరమ్మ తుడిచి, లైటుపెట్టె మీద పెట్టి, వేలితో చూపించింది. గాలిగొట్టానికి అటొకటి ఇటొకటి, నిమ్మకాయలంత ఉబ్బులు.

"ఇన్నేండ్ల నుంచీ ఉండాయి ఇవి. టీబీ అయితే ఇంతకాలం ఊరికే కూర్చోదు. అయినా ముక్క తీసి చూసినాకే మందు," అని, నా వైపు తిరిగి, "ఇంకోసారి దీంతో సూర్యుణ్ణి చూసినారంటే మీ అందరి కండ్లూ పోతాయి," అని గట్టిగా కోప్పడింది.

గొంతులోంచి గొట్టం దింపి ఆ ఉబ్బుల్లోంచి ముక్క తీశారు. టీబీ కాదు, సార్కాయిడేనని తేలింది. స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. కొన్ని నెలలకు మళ్లీ స్కాన్ తీస్తే, ఆ తెల్లటి మెరుపు వెతికితేగానీ కనపడలేదు.

ఇంటికి రాగానే ఆయన ఆ పాత ఫిల్మును కిటికీకి అడ్డంపెట్టి, కుడికన్ను అరచేత్తో మూసుకున్నాడు.

"అటొకటి... ఇటొకటి. రెండూ కనపడతాండాయి మే!"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఫిల్మును అందరికన్నా ఎక్కువసార్లు కళ్లకు పెట్టుకున్నదాన్ని నేనే. ఒక్కసారీ ఆయన్ని చూడలేదు, సూర్యుణ్ణే చూశాను.

"చాల్లే సంబడం, దాన్ని పెట్లో పెట్టు," అని కసిరి, వంటింట్లోకి పోయాను.