మా మామకు నేను వేసిన మార్కులు

నాకు ఇరవై నాలుగేళ్ల మూడు నెలలు నిండిన ఆ కాలంలో, లోకంలోని సత్యమంతా ఒక గళ్ల కాగితం మీద పట్టేస్తుందని మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి. మనుషులు పొరబడతారు, అంకెలు పొరబడవు. జ్ఞాపకాలు మారతాయి, తేదీలు మారవు. (ఈ ఉదంతం జరిగిన తేదీ, వారం, గంట నా డైరీలో భద్రంగా ఉన్నాయి. రహస్యాలు బయటపెట్టనని ఉద్యోగంలో చేరిననాడు చేసిన సంతకం కారణంగా వాటిని ఇక్కడ రాయలేను. తేదీ లేకుండా ఒక సంగతి చెప్పవలసి రావడం నాకెంత అవమానంగా ఉందో నన్నెరిగినవారు ఊహించగలరు.) ఇప్పుడు అరసవల్లిలో ఒక చిన్న ఇంట్లో ఉంటూ రోజూ ఉదయం వానచినుకులను సైతం కొలిచి రాసుకుంటున్న ఈ ముసలివాడికి, ఆనాటి ఆ యువకుణ్ణి తలచుకుంటే నవ్వు వచ్చేలోపే దిగులు ముంచుకొస్తుంది.

సైన్యంలో నా మొదటి కొలువు బూట్ల గోదాములో. అక్కడ జతలు లెక్కపెట్టే నా శ్రద్ధను చూసి, సమాచార విశ్లేషణ విభాగం మేజరుగారు నన్ను తాత్కాలికంగా తన గదికి తెచ్చుకున్నారు. పదాతిదళం, నౌకాదళం, వైమానికదళం మూడూ కలిసి మా కళింగపట్నం తీరాన సైనికులను పడవల నుంచి దింపే విన్యాసం ఒకటి తలపెట్టాయి. నౌకాదళం నీటిలోతుల పటం ఇచ్చింది, వైమానికదళం ఆకాశం నుంచి తీసిన ఫొటోలు ఇచ్చింది, మావాళ్లు దారుల వివరాలు ఇచ్చారు. ఆ మూడింటినీ ఒక బల్ల మీదికి చేర్చి, ఎక్కడ దిగాలో, ఎప్పుడు దిగాలో ప్రణాళిక వేసేవారికి తేల్చి చెప్పడం మా పని. "నీదా ఊరేగా, తీరం నివేదిక నువ్వే రాయి. బాగుంటే శిక్షణకు పంపి ఇక్కడే ఉంచుకుంటాను. లేకపోతే మళ్లీ బూట్లే," అన్నారు మేజరుగారు. నా బ్రతుకులో నేను కోరుకున్న కుర్చీ అదొక్కటే.

తీరం చూసి రమ్మని రెండు రోజులు పంపారు. పని ఏమిటో ఎవరికీ చెప్పరాదని ఆజ్ఞ. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మా మేనమామ నన్ను చూసి తలైనా ఎత్తకుండా, "మిలట్రీ పడవలొత్తన్నాయంట గదరా. సేపలమ్మే ఆడోళ్లందరూ అనుకుంతన్నారు," అన్నాడు. నేను మబ్బుల వైపు చూశాను. (రహస్యాన్ని నా వంతు మేరకు కాపాడాను.)

"వొస్తే రానీ గానీ, ఈ ఎదురుగా మాత్రం దిగొద్దని సెప్పు," అన్నాడు మామ. "తుపాను తరవాత ఒడ్డుకి ముందర ఇసక తిప్ప ఏసినాది. తిప్ప మీద పాదం లోతే. దానెనకాల మాత్రం మనిషి పీక దాకా నీరుంటాది. కొత్తోడు తిప్పనే ఒడ్డనుకుంటాడు. ఆ తాటితోపు కాడికి రమ్మను, అక్కడ తిప్ప నేదు."

"పీక దాకా అంటే ఎంత మామా?"

"బారకి జానెడు తక్కువ."

"బార అంటే ఎన్ని అడుగులు?"

"బారంటే బారేరా!" అంటూ రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. టేపు తీసి కొలిచాను. ఐదడుగుల ఏడంగుళాలు. (ఎడమ చెయ్యి కుడిచేతి కంటే అర అంగుళం పొట్టి. ఇదీ రాసుకున్నాను.) "ఈ తిప్ప ఎప్పుడు వేసింది? తేదీ కావాలి."

"మీ అత్త కాలు బెణికినాది సూడు, ఆ వారం."

"తేదీ చెప్పు మామా."

"కాలు బెణికినోళ్లు తేదీ సూసుకుంటారేటిరా?"

నౌకాదళం పటం మా అత్త కాలు బెణకడానికి ఎన్నో నెలల ముందు గీసినదని, ఫొటోలు తీసింది తిప్ప కనబడని నిండు పోటు సమయంలో అని నాకు తెలుసు. రెండింటి మీదా తేదీలున్నాయి. అయినా నేను చేసిన పని ఇది: పటంలోని లోతులన్నీ కూడి సగటు తీశాను. సగటున ఏడడుగులు వచ్చింది. పటంలో ఎలాగూ లేని తిప్ప ఆ సగటులో పూర్తిగా మునిగిపోయింది. ఇక మామ మాట. మా విభాగంలో ప్రతి కబురుకూ రెండు మార్కులు వేయాలి: చెప్పిన మనిషికి ఏ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం, చెప్పిన మాటకు ఒకటి నుంచి ఆరు దాకా ఒక అంకె. తేదీ లేదు, నీటిలో దిగి తీసిన కొలత లేదు, కాగితం లేదు. నన్ను భుజాల మీద మోసి సముద్రం చూపించిన మనిషికి ఎఫ్-6 వేశాను. అంటే ఈ మనిషిని నమ్మవచ్చో లేదో తెలియదు, ఈ మాట నిజమో కాదో తెలియదు. నలభై ఒకటో పేజీ అడుగున, చిన్న అక్షరాలలో.

ప్రణాళికా సమావేశంలో మేజరుగారు నా నివేదికను చేత్తో తూచి, "సరే. కాబట్టి?" అని అడిగారు.

"నలభై ఒక్క పేజీలు సార్," అన్నాను.

విన్యాసం నాటి ఉదయం ఇసుక దిబ్బ మీద మూడు దళాల అధికారులూ దుర్భిణులతో నిలబడ్డారు. మొదటి పడవ మామ చెప్పిన చోటే తిప్పను తాకి ఆగింది. ముందు తలుపు వాలింది. ఒక జవాను చీలమండలైనా తడవకుండా దిగి, గంభీరంగా పది అడుగులు వేసి, మెడ వరకూ మాయమయ్యాడు. తుపాకీ మాత్రం పైన నిలిచింది. వెనకవాళ్లు అదే గాంభీర్యంతో అనుసరించారు. దుర్భిణులు మూడూ ఒకేసారి నా వైపు తిరిగాయి. మూడు దళాల మధ్య ఆ రోజు కుదిరిన సంపూర్ణ సమన్వయం అదొక్కటే.

మా మామ, ఆయన జట్టు పెద్దవల తాళ్లు విసిరి ఒక్కొక్కరినీ ఒడ్డుకు లాగారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తాడు చుట్టుకుంటూ మామ అందరి ముందూ గట్టిగా అరిచాడు: "ఒరే, తాటితోపు కాడికి రమ్మని సెప్పినాను కాదేటిరా? కాయితంలో ఎక్కించినావా, నేదా?"

"ఎక్కించాను మామా."

"మరి ఆళ్లకి సదువు రాదేటి?"

మేజరుగారు కోపగించుకోలేదు. కోపగించుకుని ఉంటే బాగుండేది. "నీ నివేదికలో తప్పు అంకె ఒక్కటీ లేదు," అన్నారు నెమ్మదిగా. "నేను అడిగింది అంకెలు కాదు. ఇక్కడ దిగండి, అక్కడ దిగకండి అనే ఒక్క వాక్యం. అది నీ దగ్గర ఉంది. నలభై పేజీల కింద పాతిపెట్టావు." పై సోమవారం నేను బూట్ల గోదాములో ఉన్నాను. నా చేతికి వచ్చిన మొదటి పద్దు: సముద్రంలో నానిన బూట్లు, అరవై రెండు జతలు, ఒకటి ఒంటిది. ఆ గోదాములోనే పదవీ విరమణ చేశాను. శిక్షణ పిలుపు రాలేదు. ఎందుకు రాలేదని అడిగే ముఖం కూడా నాకు లేకపోయింది.

ఆ తరువాతి సెలవులో మామ నన్ను ఒడ్డున కూర్చోబెట్టుకుని, కాస్త సిగ్గుపడుతూ, "మీకాడ మాట సెప్పినోళ్లకి మార్కులేత్తారంట గదా. నాకెన్నొచ్చినాయిరా?" అన్నాడు. గుప్పెడు ఇసుక తీసి, మళ్లీ వదిలేశాను. చివరికి, "ఏ-1 మామా. దానికి మించి లేదు," అన్నాను.

ఆయన బ్రతికినన్నాళ్లూ ఆ సంగతి ఒడ్డుకు వచ్చిన ప్రతి పడవకూ చెప్పాడు. కొత్తవాళ్లకు తన పేరు కంటే ముందు అదే చెప్పేవాడు. అబద్ధం చెప్పానన్న బాధతో ఆ రాత్రి డైరీ తెరిచి, ఏమీ రాయకుండానే మూసేశాను. ఇప్పుడు వాన కొలిచి రాసుకున్నాక ఒక్కోసారి ఆ ఖాళీ పేజీ తిప్పి చూస్తాను. విశ్లేషకుడిగా నేను ఇచ్చిన సరైన అంచనా మొత్తం మీద ఆ ఏ-1 ఒక్కటే. దానికి తేదీ వేసుకోలేదు.