రెండో వైపు ఉత్త దరువు

కువైట్‌లో, అబూ హలీఫాలోని మా ఫ్లాటులో గోడ అల్మారా తెరిస్తే ఇప్పటికీ పాత క్యాసెట్ల వాసన వస్తుంది, వేడెక్కిన ప్లాస్టిక్కూ ఇసుకగాలి రోజుల్లో కిటికీ సందుల్లోంచి జొరబడిన మెత్తటి దుమ్మూ కలిసిన వాసన. పై అరలో తొంభైల నాటి ఒక అమెరికా ర్యాపర్ ఆల్బములు, కింది అరలో ఒక్కో పాటా విడిగా వచ్చిన అతని సింగిల్స్, విడుదలైన వరసలో. దజీజ్ వైపు ఒక గోదాములో స్టోర్‌కీపరుగా చేసి రిటైరైనవాణ్ణి, వరస తప్పితే నాకు తోచదు.

నా చిన్నతనం కడప వైపు గడిచింది. నేను రాసుకున్న డైరీల్లో మాత్రం ఎక్కువ పేజీలు మా అమ్మాయి సరళ చిన్నతనానివే. రంజాన్ నడిమధ్య పిల్లలు మెడలో సంచులు తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలూ పల్లీలూ పోగుచేసుకునే సాయంత్రాలూ, కింది ఇంటి నుంచి మెట్లెక్కి వచ్చే ఏలకుల వాసనా, మా ఆవిడ కెలికే రాగి సంగటీ, ఇసుకగాలి లేవగానే తడి తువ్వాళ్లు కిటికీలకు కుక్కే హడావిడీ, వీటి మధ్య సరళ తక్కువ మాట్లాడేది. దానికి నత్తి. ఆగగానే ఎవరో ఒకరం ఆ మాట అందించేవాళ్లం, ప్రేమతోనే.

క్యాసెట్లు తెచ్చింది పక్క ఫ్లాటు ఖాదర్, రాయచోటి మనిషి, ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్ కొడుకు విని పడేసినవి సరళకు ఇచ్చేవాడు. ఒకసారి సర్దుతూ చూస్తే సింగిల్స్‌లోని పాటలే ఆల్బముల్లోనూ ఉన్నాయి. ఒకే సరుకు రెండు చోట్ల ఎందుకు, సింగిల్స్ వెనక్కిచ్చేద్దామన్నాను. సరళ ఒకదాన్ని తిప్పి పెట్టింది. రెండో వైపు అదే పాట, గొంతు లేకుండా, ఉత్త దరువు. దాని మీద మా పిల్ల బడి వేడుకలో చెప్పాల్సిన స్వాగత వచనం అందుకుంది. నత్తి భయంతో మేము మాన్పించాలనుకుంటున్న వచనమది. ఒక్కచోటా ఆగలేదు. గడపలో నిలబడ్డ ఖాదర్, ‘‘అన్నా, ఇంక ఈ పిల్ల మనకు సందియ్యదు పో’’ అన్నాడు.

మాన్పించే మాట అక్కడితో పోయింది. సరళ రోజుకింత దరువు చప్పుడు తగ్గించుకుంటూ, చివరికి టేపు ఆపేసి కాలితో తాళం వేసుకుంటూ సాధన చేసింది. వేడుక రోజు కారులో అంది, ‘‘నాయినా, నేను ఆగినా నువ్వు అందియ్యాకు. నేనే చెప్తా.’’

వేదిక మీద రెండో మాటకే ఆగింది. ఆ మాట నా నాలుక మీదే ఉంది, మింగాను. దాని కాలు కదిలింది. తర్వాత మొత్తం చెప్పింది.

క్యాసెట్ల కొట్లన్నీ ఫోన్ల కొట్లయ్యాయి. ఖాదర్ ఇక్కడి నివాస అనుమతి, ఇఖామా, ఖలాస్ చేసుకుని రాయచోటి వెళ్లిపోయాడు. సరళ ఇప్పుడు ఫర్వానియాలో మందుల షాపులో పనిచేస్తుంది. నత్తి పోలేదు. పోయింది మా తొందర. మొన్న ఫోనులో ఒక మాట దగ్గర చాలాసేపు ఆగితే, నేనూ మా ఆవిడా కదలకుండా కూర్చున్నాం. ఆ మాట వచ్చింది.