మామయ్య గొంతున్న కేసెట్

నేను బీఏ పాసయిపోయానండీ! మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. మార్కుల లిస్టు పట్టుకుని రాజోలులో మామయ్య దగ్గరికి పరుగెత్తాను.

ఆయన కొబ్బరిపీచు పాకలో కూర్చుని తత్వాలు పాడి కేసెట్లు చేసేవాడు. వెనక పీచు కొట్టే చప్పుడూ వాటిలో పడేది. ఉన్నది ఒక్కటే టేప్‌రికార్డరు, దాంతో కాపీ తియ్యడం కుదరదు. అందుకని కేసెట్ అడిగిన ప్రతివాళ్లకీ మళ్లీ మొదటినుంచి పాడి ఇచ్చేవాడు. మొన్న కేన్సరు ఆపరేషనుతో ఆయన మాట పోయింది.

"ఒక్కటి దాచుకోండంటే, 'గొంతు నా దగ్గరే ఉంది కదే' అనేవోరు," అంది అత్తయ్య.

మామయ్య నా లిస్టు చూసి నవ్వి, పలక మీద రాశాడు: "పాసైన సంగతి మనవాళ్లకి చెప్పినప్పుడు, నేనిచ్చిన కేసెట్ ఇంకా ఉందేమో అడగరా."

మొదట ద్రాక్షారామం పెద్దమ్మకి ఫోన్ చేశాను; ఆవిడ దగ్గరున్న కేసెట్‌లో టేపు తెగిపోయిందట. ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్లు: ఐనవిల్లి సైకిల్‌షాపాయన, అంతర్వేది పడవ మేస్త్రి, కువైట్‌లో బాబాయి.