కమ్మరి తాత అన్నం వండిన ఎపిసోడ్

ఇప్పుడంటే ఎవరికి కావలసిన బొమ్మ వాళ్ల అరచేతిలోనే ఆడుతోంది గానీ, రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తల్లో మా భవానీపురంలో సాయంత్రం ఐదింటికి మా లోకల్ ఛానల్ పెడితే, ఏ ఇంట్లోనైనా ఒకటే బొమ్మ. అది ఏ బొమ్మో తేల్చే గది ఒక మేడ మీద రేకుల షెడ్డులో ఉండేది. ఆ గదిలో, సీడీ ప్లేయరు ముందు, చేతులు విరిగిన కుర్చీలో కూర్చునేదాన్ని నేనే. (ఈ మాట ఇప్పటికీ గొంతు సవరించుకునే చెబుతాను.) డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం చేస్తానని నేను పట్టుబట్టాను. నాన్న తన స్నేహితుడి కేబుల్ ఆఫీసులో చేర్పిస్తూ ఒక షరతు పెట్టారు. "ఆర్నెల్లు చూస్తాను. నీవల్ల కాదని తేలితే నోరు మూసుకుని బ్యాంకు కోచింగులో చేరాలి." లెక్కలంటే నాకెంత భయమో తెలిసే పెట్టిన షరతు అది.

మా ఓనరుని అందరూ ఎదురుగా బాబాయిగారనీ, చాటుగా ఫైటింగ్ బాబాయనీ అనేవాళ్లు. సినిమా హాల్లో పాట రాగానే బయటికెళ్లి, ఫైటు మొదలవగానే లోపలికొచ్చే మనిషి. నాతోపాటు ఆఫీసులో ఉండే ఇంకో మనిషి ఆపా, అంటే అక్క. మా వీధి చివర ముస్లిం కుటుంబంలో పెద్దావిడ, కంప్లయింటు ఫోను చూసేది. ఎంత కోపంగా ఫోన్ చేసినవాళ్లనైనా "ఔనౌను, మీరు చెప్పిందే కరెక్టు" అంటూ నవ్వించి పెట్టేయించేది.

ఒకరోజు బాబాయిగారు ఒక అట్టపెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఇరవయ్యారు ఎపిసోడ్ల జపాన్ బొమ్మల సీరియల్. (అనిమే అనే మాట అప్పటికి మాకెవరికీ తెలీదు. ఆ సీడీలు ఎక్కణ్ణుంచి వచ్చాయో, వెయ్యొచ్చో వెయ్యకూడదో కూడా తెలీదు. నేను అడగలేదు, ఆ మాట ఇక్కడే ఒప్పేసుకుంటున్నాను.) మంచుకొండల్లో ఒక రాజ్యం, దాన్ని పట్టుకున్న రెక్కల పాము, దాని సైన్యం, దాన్ని చంపుతానని బయల్దేరిన పద్నాలుగేళ్ల పిల్ల. మాటలు జపనీసు, కింద ఇంగ్లీషు అక్షరాలు. మొదటి రెండు ఎపిసోడ్లూ కత్తులూ మంటలూ. భవానీపురం పిల్లలు ఊగిపోయారు. మూడోదాంట్లో ఆ పిల్ల ఒక కమ్మరి తాత దగ్గరికెళ్లి కత్తి చేసిపెట్టమంటుంది. ఆయనేమో ముందు తన పొయ్యి మీద అన్నం మాడకుండా వండి చూపించమంటాడు. ఇక ఎపిసోడంతా అదే. నాలుగోది కొలిమి రాజెయ్యడం, ఐదోది ఇద్దరూ కూర్చుని కత్తి సాగగొట్టడం.

ఫోన్లు మొదలయ్యాయి. "బొమ్మ ఆగిపోయిందండీ" అని ఒకాయన. "ఆగలేదండీ, అన్నం ఉడుకుతోంది" అని ఆపా. నాలుగోదానికే చాలా ఇళ్లలో టీవీలు కట్టేశారు. ఐదోది నడుస్తుండగానే బాబాయిగారు మెట్లెక్కి వచ్చారు. "ఏంటమ్మా ఇది? అన్నం ఉడకడం వాళ్ల వంటింట్లో కనపడదా? రేపట్నుంచి ఫైట్లున్నవి ఏరి వరసగా వేసెయ్." సరేనని ఏరాను. ఆరు, తొమ్మిది, పన్నెండు. మొదటిరోజు ఈలలు. రెండోరోజు "నిన్న చచ్చిపోయిన ముసలాయన ఎవరండీ?" అని ఫోన్లు. మూడోరోజు ఒక్క ఫోనూ రాలేదు. మేడ మీంచి చూస్తే ఐదింటికి పిల్లలంతా సందులో క్రికెట్ ఆడుతున్నారు.

నాకు కష్టమనిపించింది అది కాదు. అంతకు ముందు ఆ సీడీలన్నీ మధ్యాహ్నాలు ఒక్కదాన్నే వరసగా చూశాను. ఆరోదాంట్లో సైన్యం వచ్చిపడితే, ఆ పిల్ల వెనక తలుపులోంచి పారిపోయేదాకా తాత ఉత్త సుత్తి పట్టుకుని వాకిట్లో నిలబడతాడు. నేను చున్నీ తడిసేలా ఏడ్చాను. అదే ఘట్టం ఛానల్లో వేసినరోజు పక్కింటి కిటికీలోంచి ఒక పిల్లాడి కేక వినపడింది: "తాత ఔట్!" ఆ వెనకాలే అందరి నవ్వులు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

నాలుగోరోజు, మర్నాడు కుళాయి నీళ్లు రావన్న ప్రకటన చదవడానికి మైకు వేసుకున్నాను. ఇంతలో ఆపా నా మొహం చూసి, "అంత బాధైతే ఆయనకే చెప్పరాదా బేటీ" అంది. అంతే, నాలో కట్ట తెగింది. "ఆయనకేం తెలుసు ఆపా? కొట్టుకోవడం తప్ప ఏదీ పట్టదు. కుళాయి దగ్గర తగాదాకైనా ఒక కారణం ఉంటుంది. ఎవరు కొడుతున్నారో, ఎందుకో తెలీకుండా చూస్తే అది ఫైటా? ముందు ఆ తాత పొయ్యి దగ్గర మనమూ కాసేపు కూర్చోవాలి. అప్పుడు కదా ఆయన పడిపోతే మనకి నొప్పేది!"

ఫోను మోగింది. నాలుగో వీధి మామ్మగారు. "అమ్మాయ్, నీ మైకు ఆన్‌లో ఉంది. అది సరే గానీ, ఇంతకీ ఆ తాత ఎవరే?"

గబుక్కున మైకు కట్టేశాను. ఐదు నిమిషాల్లో బాబాయిగారు వచ్చారు. కింద సెలూన్లో గడ్డం గీయించుకుంటూ అక్కడి టీవీలో మొత్తం విన్నారట. ఒక బుగ్గ నున్నగా, ఇంకో బుగ్గ నిండా సబ్బు నురగ. నవ్వొచ్చే అవతారమే గానీ గొంతులో మాత్రం కోపం కంటే చిన్నబోవడమే ఎక్కువుంది. "అంటే నాకు ఫైటు చూడ్డం రాదంటావా?"

ఎలాగూ ఉద్యోగం ఊడిందన్న ధైర్యం కాబోలు, "రాదండీ" అన్నాను. "వారం రోజులివ్వండి, చూపిస్తాను."

ఆయన నురగ తుడుచుకున్నారు. "వారమే. జనం చూడకపోతే మీ నాన్నకి నేనే ఫోన్ చేస్తా."

ఆ రాత్రి తెలిసిందేమిటంటే, జనానిదీ తప్పు కాదు. ఏం రాబోతోందో తెలియకుండా అన్నం ఉడుకుతుంటే ఎవరు చూస్తారు? మర్నాడు మూడో ఎపిసోడ్ మళ్లీ వేస్తూ, దానికి ముందు ఆరోదాంట్లోంచి రెండు నిమిషాల ముక్క పెట్టాను. మంచులో నడిచొస్తున్న సైన్యం. మైకులో చెప్పాను: "వీళ్లు ఈ తాత ఇంటికే వస్తున్నారండీ. దారి దొరకడానికి ఇంకా మూడు రోజులు పడుతుంది. తాతకి ఆ సంగతి తెలీదు." ఆ తర్వాత అన్నం పొయ్యి మీదికెక్కింది. కింద అక్షరాలు చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. అక్షరాలు నాకంటే వేగంగా పోయేవి, సగం మాటలకి అర్థం తెలీదు. తెలియనిచోట సొంత పైత్యం. జపాన్ తాత అచ్చం మా అమ్మమ్మలా "ఒసేయ్ పిల్లా, మంట తగ్గించవే!" అనేవాడు. మధ్యలో మామ్మగారి ఫోను: "ఎసరు ఎక్కువైందమ్మా, చెప్పు ఆ పిల్లకి." ఎపిసోడ్ అయ్యేసరికి ఆపా ఫోను పెట్టడం, మళ్లీ ఎత్తడం. అందరిదీ ఒకటే ప్రశ్న, సైన్యం ఎందాకా వచ్చింది? రోజూ మొదట రెండు నిమిషాలు సైన్యం, తర్వాత కొలిమి. సందులో క్రికెట్ ఆగిపోయింది.

నాలుగోరోజు ఆరో ఎపిసోడ్. బాబాయిగారు పది నిమిషాల ముందే వచ్చి కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కున్నారు. సైన్యం గుమ్మం దాకా వచ్చింది. తాత సుత్తి తీసుకున్నాడు. బాబాయిగారు లేచి నిలబడ్డారు. "ఆపెయ్యమ్మా."

"కథ అదేనండీ, బాబాయిగారూ."

"నేను చూళ్లేనే" అని ఆయన బయటికెళ్లి, నీళ్ల ట్యాంకు పక్కన అటు తిరిగి నిలబడ్డారు. నేను మైకు పక్కన పెట్టేశాను, ఆ రెండు నిమిషాలు వ్యాఖ్యానం లేకుండానే పోయింది. పక్కింటి కిటికీలోంచి చిన్న సవ్వడి లేదు. అంతా అయ్యాక ఆయన తలుపులోంచి తొంగిచూసి, "పిల్ల తప్పించుకుందా?" అన్నారు. తప్పించుకుందని చెప్పాను. "హమ్మయ్య" అని మెట్లమీదే కూర్చుండిపోయారు. మామ్మగారు ఫోన్ చేశారు. "దీపం పెడుతూ ఆయన్ని కూడా తలుచుకుందామని. పేరేంటమ్మా?" అన్నారు. వాళ్లు పేరు చెప్పలేదండీ అన్నాను. "పోనీలే, తాతనే అనుకుంటా."

ఇరవయ్యారూ వరసగా వేశాం. కోచింగు మాట నాన్న మళ్లీ ఎత్తలేదు. బాబాయిగారు మాత్రం సెలూన్లో, టీ కొట్టు దగ్గర, "ఫైటు చూడాలంటే ముందు ఓపిక పట్టాలండీ" అని తనే కనిపెట్టినట్టు చెప్పుకు తిరిగేవారు.

తర్వాత బీఈడీ చేసి, ఇన్నేళ్లుగా పటమటలో ఒక స్కూల్లో సోషల్ చెబుతున్నాను. మొన్న స్టాఫ్ మీటింగులో కొత్త ప్రిన్సిపాల్ గారు, పాఠాల్లో అనవసరమైనవన్నీ తీసేసి పరీక్షకొచ్చేవే చెప్పమన్నారు. అందరితోపాటు నేనూ తలూపాను. ఊపుతూనే ఆ రేకుల షెడ్డులోని పిల్ల గుర్తొచ్చింది. ఒక బొమ్మల సీరియల్లో మూడు నెమ్మది ఎపిసోడ్ల కోసం, ఉన్న ఒక్క ఉద్యోగాన్నీ పందెం కాసి, సబ్బు నురగతో నిలబడ్డ ఓనరుకి ఎదురుగా "రాదండీ" అన్న పిల్ల. ఎంత పొగరో! ఆ పొగరంటే నాకిప్పటికీ గర్వమే. అది నాలోంచి ఎప్పుడు, ఏ మీటింగులో జారిపోయిందో తెలీదు గానీ, ఆ సాయంత్రం మాత్రం సిటీ బస్సులో ఇంటికొచ్చేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను.