మూడు హుక్కుల చీర

నారాయణఖేడ్‌లో నా దుకాణం బోర్డు మీద 'బొటిక్' అని ఉంటుంది. లోపలికి వచ్చేవాళ్లలో సగం మంది జిప్పు మార్పించుకోవడానికి వస్తారు, మిగతా సగం చీరకు ఫాల్ కుట్టించుకోవడానికి. అప్పుడప్పుడు ఒకరు బస్ డిపోకి దారి అడగడానికి వస్తారు. వాళ్లకు కూడా నవ్వుతూనే చెబుతాను. డిజైనర్ అన్నాక ఆ మాత్రం మర్యాద ఉండాలి.

నేను నేర్చుకున్న పని వేరు. అమ్మల బీరువాల్లో ఏళ్ల తరబడి నిద్రపోతున్న చీరల్ని లేపి, ఈ కాలం పిల్ల వాటిని కట్టుకుని బస్సెక్కి దిగగలిగేలా చేయడం. అంచు భారీగా ఉంటే రవికె సాదాగా ఉండాలంటాను. మెడలో ఒకటి వేసుకుంటే చెవులకు సెలవివ్వాలంటాను. లంగా మీదికి తెల్లచొక్కా వేయిస్తాను, పాత కొంగుతో పొడుగు జాకెట్ కుడతాను. మా అమ్మ వీటన్నిటినీ చూసి "సగం తయారైనట్టున్నరు" అంటుంది. దాన్ని నేను మెచ్చుకోలు కిందే జమ వేసుకుంటాను. ఇంట్లో అంతకన్నా మంచిది దొరకదు.

ఇక మా మేనత్త సంగతి. నాన్నకు అక్క, ఉండేది సిర్గాపూర్‌లో. ఆ చుట్టుపక్కల ఎవరింట పెళ్లైనా పెళ్లికూతురికి చీర కట్టేది ఆమే. పిన్నీసు వాడదు. పిన్నీసంటే ఆమె లెక్కలో చేతగానివాళ్లు పెట్టుకునే దరఖాస్తు. ఆమె కట్టిన చీర తాళి, తలంబ్రాలు, ఊరేగింపు, బ్యాండు ముందు బావమరదుల గంతులు అన్నీ దాటుకుని మర్నాటికి కూడా కుచ్చిళ్లు చెదరకుండా నిలబడేది. పెళ్లికూతురే వాడిపోయేది.

అలాంటి మనిషికి కుడిభుజం పట్టేసింది. మొదట నొప్పి, తర్వాత చెయ్యి ఛాతీ దాకా లేచి అక్కడ ఆగిపోవడం. దవాఖానలో డాక్టరు మెల్లమెల్లగా అదే వదులుతుందని చెప్పి, గోడ మీద వేళ్లతో పాకే వ్యాయామం నేర్పాడు. అత్త ఆ వ్యాయామం గోడతో కొట్లాడుతున్నట్టు చేసేది. చీర కట్టుకోవడం కుదరదు కాబట్టి నైటీ, దాని మీద తువ్వాల. ఏడు నెలలు గడప దాటలేదు.

సరిగ్గా అప్పుడే ఒడిబియ్యం ఏడాది వచ్చింది. ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, తమలపాకులు ఒడిలో పోసి పంపుతాం. మా వైపు బేసి ఏళ్లలోనే పోస్తారు. అత్తకు పోయినసారి పోశాక ఇది ఐదో ఏడు. దాటిపోతే మళ్లీ రెండేళ్లు ఆగాలి. అమ్మా నేనూ బొట్టు పెట్టి పిలవడానికి సిర్గాపూర్ వెళ్లాం.

"నేను రాను," అంది అత్త, బొట్టు మాత్రం పెట్టించుకుని.

"గట్లంటే ఎట్ల వదినా? ఐదేండ్లాయె," అంది అమ్మ.

"ఏడో ఏట పోయుండ్రి. అప్పటికి చెయ్యి లేస్తది."

"చీర నేను కడ్త గదా."

"నువ్వా?" అత్త అమ్మ కుచ్చిళ్ల వైపు చాలాసేపు చూసింది. "నీ చీరనే నీకు ఎవలన్న కట్టాలె."

అమ్మ చీర సర్దుకుంది. అది ఇంకొంచెం చెదిరింది.

మూలన మంచం మీద కూర్చున్న మామయ్య నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. "నేను గూడ జూసిన బిడ్డా. ఫోన్ల వీడియో వెట్టుకొని మరీ కట్టిన."

"కట్టిండు," అంది అత్త. "ట్రాక్టర్ మీద టార్పాలిన్ గట్టినట్టు గట్టిండు. తాడొక్కటే తక్కువ."

నవ్వాం. ఆమె నవ్వలేదు. "ఊరందరికి కట్టిన చెయ్యే ఇది. గిప్పుడు నలుగుట్ల బొమ్మ లెక్క నిలవడి నేను కట్టిచ్చుకోవాల్నా? గది నాతోని గాదు. నా చీర నేను కట్టుకుంటెనే వస్త. లేకుంటే రాను. గంతే."

ఆ 'గంతే' తర్వాత ఇంకో మాట ఉండదని మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను మాత్రం మాట్లాడాను. నా నోటికి సమయం, సందర్భం ఎప్పుడూ అలవాటు కాలేదు.

"అత్తమ్మా, ఒక్క చేత్తోని నువ్వే కట్టుకునేటట్టు నేను కుడ్త. ఎవ్వలు లోపటికి రారు. తలుపేసుకో, కట్టుకో, బయటికి రా."

అందరూ నా వైపు చూశారు. నా వైపు చూడటం నాకు కూడా కుదిరి ఉంటే నేనూ చూసేదాన్ని.

"కైంచి తాకొద్దు," అంది అత్త చివరికి. "తమ్ముడు పెట్టిన చీర కోసినవంటే దుకాణం కాడికొచ్చి కొడ్త."

"ఎట్లొస్తవే, గడప దాటుతలేవు గదా," అన్నాడు మామయ్య. ఆయన ధైర్యం అప్పుడప్పుడు అలా బయటపడుతుంది, వెంటనే లోపలికి వెళ్లిపోతుంది.

నాన్న పెట్టిన చీర నారాయణపేటది. ముదురాకుపచ్చ, సన్నని గళ్లు, ఎర్ర అంచు. (హైదరాబాద్ నుంచి ఫోన్ చేసేవాళ్లు మా ఊరినీ ఆ ఊరినీ ఒకటే చేసి "చీరలు పంపిస్తరా" అని నన్ను అడుగుతుంటారు. మాది ఖేడ్, మా దగ్గర కందులున్నాయి, అవి పంపమంటారా అంటాను. పెట్టేస్తారు.) నేను ఈ పని తేలికనుకున్నాను. ఎంత కష్టమో తెలియడానికి నా కుడిచేతిని దుపట్టాతో నడుముకు కట్టేసుకుని ఎడమచేత్తో హుక్కులు పెట్టడం మొదలుపెట్టాను. ఆ పూటే జిప్పు కోసం వచ్చిన ఒకావిడ గుమ్మంలో ఆగిపోయింది.

"ఏందమ్మా, ఏమన్న మొక్కా?"

"కాదు, డిజైన్."

ఆమె, జిప్పు మర్నాడు తెచ్చిస్తానని చెప్పి వెళ్లిపోయింది. మళ్లీ వారం దాకా రాలేదు.

నాలుగో ప్రయత్నానికి కుదిరింది. నడుముకు పట్టీ, దానికి ముందే పెట్టి కుట్టిన కుచ్చిళ్లు. హుక్కులు ఎడమచేతికి అందేలా ఎడమ పక్కనే, మొత్తం మూడు. రవికె ముందువైపు తెరుచుకునేలా, కుడిభుజం మీద నొక్కుడు గుండీలు, అంటే చెయ్యి ఎత్తే పనే లేదు. కొంగును ఎడమభుజం మీద రవికెకే కుట్టేశాను. వెనక్కి వేలాడే భాగాన్ని నాలుగు వేళ్ల వెడల్పు మడతలుగా పెట్టి కొస దాకా కచ్చాకుట్టు వేశాను. రిబ్బన్‌లా తిన్నగా జారుతుంది. చూడ్డానికి ఎంత బాగుందంటే, ఒక ఫోటో తీసి నాకు నేనే పంపుకున్నాను.

సిర్గాపూర్ తీసుకెళ్లి ఇచ్చాను. అత్త లోపలికెళ్లి తలుపేసుకుంది. నేనూ మామయ్యా అరుగు మీద కూర్చున్నాం. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నట్టే ఉంది, మధ్యలో మామయ్య శనక్కాయలు వలవడం తప్ప. ఇద్దరికీ చెరో పిడికెడు అయ్యేలోపే తలుపు తెరుచుకుంది.

అత్త చీరలో నిలబడి ఉంది. నిటారుగా. ఏడు నెలల తర్వాత అదే పాత మనిషి.

మామయ్య శనక్కాయ చేతిలోనే ఉంచుకున్నాడు.

"మూడు హుక్కులు. గంతేనా?" అంది అత్త నాతో.

"గంతే అత్తమ్మా."

"ముప్పై ఏండ్లు నేర్చుకున్న పని గిది." కుచ్చిళ్లను ఎడమచేత్తో ఒకసారి తడిమింది. నేను ఏదో అనబోయాను. ఈలోగా ఆమె వేలు ఒక చోట ఆగింది. "మూడో కుచ్చిల్లు రవ్వంత వంకర వొయ్యింది. చూస్కున్నవా?"

చూసుకోలేదు. నిజంగానే వంకర.

ఒడిబియ్యం రోజు మామయ్య బండి వెనక కూర్చుని అత్త ఖేడ్ వచ్చింది. మా వాకిట్లో దిగుతుంటే చుట్టుపక్కల ఆడవాళ్లంతా కుచ్చిళ్లు చూశారు. ఎవరు కట్టారని పక్కింటి చిన్నమ్మ అడిగింది. "నేనే," అంది అత్త. ఆ ఒక్క మాట చెప్పడానికే వచ్చినట్టు చెప్పింది. నేను తలుపు పక్కన నిలబడి, కళాకారులకు ఉండాల్సినంత వినయంతో ఉన్నాను.

పీట వేశారు. అత్త కూర్చుంది. పళ్లెంలో పసుపు బియ్యం, పైన కుడుకలు. ఐదుగురు ముత్తయిదువలు చుట్టూ చేరారు. మొదటి దోసిలి అమ్మది.

"కొంగు పట్టు వదినా."

అత్త ఎడమచెయ్యి వెనక్కి పోనిచ్చి, కొంగును కుడిచంక కిందుగా ముందుకు లాగింది. కొంగు వచ్చింది. నాలుగు వేళ్ల వెడల్పుతో వచ్చింది. కుట్టేసిన రిబ్బన్‌లో బియ్యం కాదు కదా, అగ్గిపెట్టె కూడా నిలవదు.

అత్త రిబ్బన్‌ను చూసింది. తర్వాత నన్ను చూసింది.

డిప్లొమాలో మాకు రంగులు నేర్పారు, కొలతలు నేర్పారు, ప్యారిస్‌లో ఎవరు ఏం తొడుక్కున్నారో కూడా నేర్పారు. బియ్యం ఎక్కడ పోస్తారో సిలబస్‌లో లేదు. ఒడిబియ్యం కోసమని చీర కుట్టి, అందులో ఒడి పెట్టడం మరిచిపోయిన దాన్ని నేనొక్కదాన్నే.

"అయ్యో, ఒడి లేదేందే!" అంది చిన్నమ్మ, వీధి చివరిదాకా వినిపించేలా. "గిట్ల ఎన్నడు జూడలె. మంచిగుంటదా మల్ల?"

"తువ్వాల పరువుండ్రి, సరిపాయె," అంది ఇంకొకావిడ.

"తువ్వాల్ల పోయించుకునుటానికి నేను కిరాణ దుకాణంకొచ్చిన్నా?" అంది అత్త. "కొంగులనే పొయ్యాలె."

"అయితే ఇప్పి మల్ల కడ్త, లోపటికి రా," అంది అమ్మ.

అత్త ముఖం బిగుసుకుంది. నాకు అర్థమైంది. లోపలికి పోతే అమ్మ చేత కట్టించుకోవాలి. ఏ బొమ్మలా నిలబడనని ఇల్లు కదలకుండా కూర్చుందో, అదే బొమ్మలా, అదీ మా ఇంట్లో, వాకిట్లో ఇంతమంది వింటుండగా. లేచి బండెక్కి వెళ్లిపోతుందనే అనుకున్నాను. ఒక కాలు పీట మీద నుంచి దించింది కూడా.

"ఏం కుట్టు అది?" అంది నాతో.

"కచ్చాకుట్టే అత్తమ్మా. కొస కాడ గుంజితే వస్తది. గని..."

"గని ఏంది?"

"భుజం కాడ గూడ గదే దారం. మొత్తం గుంజితే పైటంత జారుతది."

"ఒక్కటే దారంతోని కానిచ్చినవా?"

"ఔ."

"ఎందుకు?"

"సూదిల మల్ల దారమెక్కిచ్చుడెందుకని."

ఎవరో నవ్వారు. అత్త నవ్వలేదు కానీ కాలు మళ్లీ పీట మీద పెట్టింది. ఎడమచెయ్యి ఎడమభుజం మీదికి తెచ్చి, కుట్టు మొదలయ్యే చోట బొటనవేలితో నొక్కి పట్టింది. "కింది నుంచి గుంజు. మెల్లగ. నేను ఆగుమన్నకాడ ఆగు."

వెనక్కి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని దారం లాగాను. మడతలు ఒక్కొక్కటే వదులుతూ పైకి వెళ్లాయి. ఆకుపచ్చ గళ్లన్నీ విసనకర్రలా తెరుచుకున్నాయి. నా జీవితంలో నా పనిని నేనే ఇంత శ్రద్ధగా పాడుచేయడం అదే మొదలు.

"ఆగు."

ఆగాను. అత్త మెడ తిప్పి, భుజం దగ్గర దారాన్ని పళ్లతో కొరికింది. మిగిలిన కొసను రెండు వేళ్లతో మెలితిప్పి, పళ్లతో ఒక వైపు పట్టి, ఎడమచేత్తో ముడి వేసింది. ఒక ముడి, దాని మీద ఇంకో ముడి. పైట కదలలేదు. తర్వాత అదే చెయ్యి వెనక్కి పోయి, తెరుచుకున్న కొంగును నడుము చుట్టూ తిప్పి ముందుకు తెచ్చి, ఒళ్లో పరిచి, మధ్యలో అరచేత్తో ఒక్కసారి నొక్కింది. బియ్యం నిలవడానికి గుంట పడింది. ఆమె చీర మీద ఎవరి చెయ్యీ పడలేదు. నేను కూడా దారమే పట్టుకున్నాను.

ఇదంతా నాకు రెండు చేతులతో కూడా రాదు.

"ఏం జూస్తున్నరు? పోయుండ్రి," అంది అత్త. "మెల్లగ. గీ పిల్ల కొంగు పొట్టిగ వెట్టింది."

అమ్మ దోసిలి వంచింది. తర్వాత చిన్నమ్మ, ఆ తర్వాత మిగతావాళ్లు. కొన్ని గింజలు పీట మీదికి జారాయి. కుడుక ఒకటి దొర్లుకుంటూ నా దాకా వచ్చింది. చిన్నమ్మ అప్పటికే గొంతు మార్చి, అన్నీ మంచిగ అయితయని తను ముందే అన్నట్టు చెబుతోంది. ఎప్పటిలాగే ఒడి ముడి మాత్రం పుట్టింటి కోడలు వేయాలి కాబట్టి అమ్మే వేసింది. అత్త ఏమీ అనలేదు. అంటే, ముడి వేస్తున్నంతసేపు ఏమీ అనలేదు.

ఐదో రోజు ఆ బియ్యం వండి సిర్గాపూర్‌లో మాకు భోజనం పెట్టింది. అదే చీర. నేను కుట్టిన భాగం విప్పేసి, కొంగు అడుగున సన్నని నాడా ఎక్కించుకుంది. లాగితే రిబ్బన్, వదిలితే ఒడి. నా ముందు రెండుసార్లు లాగి వదిలి చూపించింది. ఎడమచేత్తో ఎన్నాళ్లు కుట్టావని అడిగాను. "నీ లెక్క ఒక్క దారంతోని కుట్టలె," అంది. ఆ నాడా పద్ధతిని ఇప్పుడు నా దుకాణంలో నేను కనిపెట్టినట్టే అమ్ముతున్నాను.

సగం భోజనంలో ఉండగా అత్తకు ఫోన్ వచ్చింది. పక్క ఊళ్లో పెళ్లి. పెళ్లికూతురికి చీర కట్టాల్సిన బ్యూటీపార్లర్ పిల్ల ఇంకా చేరలేదట.

"చెయ్యి లేస్తలేదమ్మా," అంది అత్త ఫోన్లో. కొద్దిసేపు విని, "నోరు లేస్తది గదా. కట్టేటోళ్లను నిలవెట్టుండ్రి, నేనొచ్చి చెప్త," అని పెట్టేసింది. కొంగు నాడా లాగింది, చెప్పులు వేసుకుంది, వాకిట్లో బండి దగ్గర నిలబడి మామయ్యను కేకేసింది. "జల్దీ కానియ్యి! అన్నం ఎటు పోదు, ముహూర్తం పోతది."

మామయ్య విస్తరిలో అప్పుడే పప్పు కలుపుకున్నాడు. దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"ఎంత పని చేసినవ్ బిడ్డా," అన్నాడు. "ఏడు నెల్లు నిమ్మలంగ తిన్న."

రెండు ముద్దలు గబగబా మింగి చెయ్యి కడుక్కున్నాడు. బండి చప్పుడు మలుపు తిరిగాక, అమ్మా నేనూ ఇంకోసారి వడ్డించుకున్నాం.