బాపుకు చెప్పకు

ఇరవై రెండేళ్లుగా ఒక కార్కు బంతి బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

జహనుమా బస్తీలో మా గల్లీ వెనక ఖాళీ జాగాలో క్రికెట్ ఆడేవాళ్లం. ఆ రోజు నా తమ్ముడు మొదటి బంతికే నన్ను అవుట్ చేశాడు. నాకు పదహారు, వాడికి పదమూడు. అందరూ నవ్వారు. వాడు బ్యాటు పట్టుకున్నాక నేను వికెట్లకు గురిపెట్టలేదు. పొరపాటున తగిలిందని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను గానీ, కాదు, గజ్జల్లో తగలాలనే, వాడు అందరి ముందూ ఏడవాలనే విసిరాను. ఏడవలేదు. ఊపిరందక ముడుచుకుపోయాడు.

"బాపుకు చెప్పకు. నా మీద ఒట్టు."

"చెప్పనన్నా."

వారం రోజులు వాపుతో కుంటుతూ నడిచాడు. కాలికి మేకు గుచ్చుకుందని ఇంట్లో చెప్పాడు.

పెళ్లయి ఆరేళ్లయినా వాడికి పిల్లలు లేరు. పోయిన ఏడాది పరీక్షలు చేయించుకుని, రిపోర్టు చూపించడానికి నన్ను తోడు రమ్మన్నాడు. రోగాలతో పోరాడాల్సిన ఒంటి కాపలా వాడి వీర్యకణాలనే పరాయివనుకుని వాటి మీద పడుతోందని డాక్టరు చెప్పాడు. మామూలుగా ఆ రెండూ ఎదురుపడకుండా మధ్యలో ఒక అడ్డు ఉంటుందట. గట్టి దెబ్బ తగిలితే అది తెగొచ్చట.

"చిన్నప్పుడు అక్కడ దెబ్బేమైనా తగిలిందా?"

తమ్ముడు ఒక్కసారి నా వైపు చూశాడు.

"లేదు సార్. ఏం తగల్లే."

బాపు పోయి నాలుగేళ్లయింది. ఇంకా ఎవరి కోసం దాచాడు? నా కోసమేనా? నోరు తెరిస్తే నాకేం పోయేది? నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

ఆ దెబ్బ వల్లేనని డాక్టరు కూడా ఖాయంగా చెప్పలేడు. ఆ మాట పట్టుకుని నిద్రపోదామనుకున్నాను, చేతకాలేదు.

ఆదివారాలు వాడు మా ఇంటికొస్తాడు. నాలుగేళ్ల నా బిడ్డ "చిన్నబాపూ" అంటూ ఉరికి వస్తుంది. దాని పాదం అరచేతిలో పెట్టుకుని, ఎంతో నిదానంగా చెప్పు తొడుగుతాడు. అది ఆడుకోవడానికి పోయాక కూడా ఆ చెయ్యి అలాగే తెరిచి ఉంటుంది. అందులో వాడి బిడ్డ పాదం చూడాలని నాకెంత ఆశో, ఆ ఆశపడే హక్కు నాకుందో లేదో, ఎవరినడగను?

ఆ గదిలో చెప్పాల్సిన మాట ఇక్కడ రాస్తున్నాను.

తగిలింది సార్. గట్టిగనే తగిలింది. నేనే, కావాలని కొట్టిన.